లాన్ మీద పంచాయితీ

మొన్న ముసురు పట్టిన సాయంత్రం హనుమకొండలో మక్క కంకుల బండి ముందు ఆగాను. బొగ్గులు తడిసి అంటుకోవడం లేదు. బండి ఆమె సీసాలోంచి నాలుగు చుక్కల కిరసనాయిలు చల్లి, అగ్గిపుల్ల వేసి, అట్టముక్కతో గబగబా విసిరింది. భగ్గున మంట లేచింది. తడి బొగ్గు, కిరసనాయిలు, కాలుతున్న మక్క గింజ, మూడు వాసనలూ కలిసి ముక్కుకు తగిలాయి. "కారం ఎక్కువ రాయాల్నా సార్?" అని ఆమె రెండుసార్లు అడిగిందట, పక్కనున్నాయన చెప్పాడు. నాకు వినపడలేదు. నేనప్పుడు అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో, ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో, ఒక పెద్దాయన ఇంటి ముందు "పార్కింగ్ 20 డాలర్లు" అని రాసిన అట్ట ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ ఊరి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు రంగులు నీలం, పసుపు. పసుపు అంటే అక్కడివాళ్లకు కోపం. "మేజ్" అనాలి. మేజ్ అంటే మన మక్కజొన్నే. ఆ సంగతి తెలిసిన రోజు, వరంగల్ జిల్లా వాడికి ఇంతకంటే దగ్గరి జట్టు దొరకదులే అనుకున్నాను. ఆ జట్టు అప్పుడే పడిపోవడం మొదలుపెట్టిందని నాకేం తెలుసు.

*

నేను వెళ్లింది 2008 వేసవిలో. కార్ల విడిభాగాలకు సంబంధించిన ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద ప్రోగ్రామర్ పని. స్టేడియానికి నాలుగు వీధుల అవతల ఒక పాత చెక్క ఇంట్లో పైఅంతస్తు అద్దెకు దొరికింది. అద్దె తక్కువ. కానీ ఓనరు ఒక షరతు పెట్టాడు. ఆట ఉన్న శనివారాలు తన లాన్ మీద కార్లు పార్క్ చేయించడానికి సాయం రావాలి. సరే అన్నాను. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అని అప్పటిదాకా నా జ్ఞానం. అక్కడిది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తో, విసిరో అవతలి గీత దాటించే ఆట. వాళ్లను ఆపేవాళ్లు డిఫెన్స్.

ఆయనకు డెబ్బై దాటాయి. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నా నోట "సర్" తప్ప రాలేదు. ఆరు నెలలు చూసి వదిలేశాడు. ఆయన నన్ను "యంగ్‌మ్యాన్" అనేవాడు. కోపమొచ్చినా అదే, ముద్దొచ్చినా అదే.

ఆ స్టేడియాన్ని 1927లో నేలలోకి తవ్వి కట్టారు. దూరం నుంచి వచ్చేవాడికి ఏదో పెద్ద ప్రహరీగోడలా కనిపిస్తుంది. లోపలికి అడుగుపెడితే పెద్ద దిగుడుబావి, మెట్ల నిండా మనుషులు. అప్పట్లో ఊరి జనాభా లక్షా పధ్నాలుగు వేలు. స్టేడియంలో పట్టేది లక్షకు పైనే. 1975 నుంచి అక్కడ ఏ ఒక్క ఆటకూ జనం లక్షకు తగ్గలేదని ఓనరు మొదటి రోజే చెప్పాడు. మనకు మేడారం జాతర రెండేళ్లకోసారి. వాళ్లకు ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా రెండు వారాలకోసారి జాతర. ముందు రోజు సాయంత్రమే బళ్లు దిగేవి. తెల్లవారేసరికి ఊరంతా బొగ్గుల పొయ్యిలు, వాటి మీద చల్లే ఆ లైటర్ నూనె వాసన. మన కిరసనాయిలుకు చిన్నాన్న కొడుకు లాంటి వాసన.

నా పని రోడ్డు చివర అట్ట పట్టుకుని నిలబడటం. ఓనరు పని వచ్చిన కారును "వెనక్కి, ఇంకా వెనక్కి, ఆగు" అంటూ చెట్టుకు తగలకుండా పెట్టించడం. లాన్ మీద పన్నెండు, గ్యారేజీ దారిలో రెండు. డబ్బులు పాత కాఫీ డబ్బాలో. ఒకదాని వెనక ఒకటి ఇరికించేవాళ్లం కాబట్టి, వెనక కారువాడు తిరిగొస్తే తప్ప ముందు కారు కదలదు. ఆట అయ్యాక అందరూ అందరి కోసం కనీసం గంట ఆగాలి. పంచాయితీ ఆ గంటలో పుట్టింది.

*

అందులో నలుగురు పాత కాపులు. ఏళ్ల తరబడి అదే లాన్, అదే చోటు. ఒకాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఒకాయన టొలీడో నుంచి వచ్చే లెక్కల టీచరు. ఒకావిడ ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. ఇంకొకాయన ఉత్తరాలు పంచే పోస్టల్ ఉద్యోగి, ఎప్పుడూ అందరి మాటకూ తలూపేవాడు. వీళ్ల మధ్య మా ఓనరు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఓనరు భార్యకు మోకాళ్ల నొప్పులు. స్టేడియం మెట్లు దిగలేనని వరండాలోనే రేడియో పెట్టుకుని ఊలు అల్లుకునేది. టికెట్టు లేని రోజు నేనూ ఆమె పక్కనే. అక్కడ ఒక వింత కనిపెట్టాను. స్టేడియంలో జరిగింది రేడియోలో కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చేది. వ్యాఖ్యాత ఇంకా "బంతి అందుకున్నాడు..." అంటుండగానే నాలుగు వీధుల అవతల నుంచి హోరు వచ్చేస్తుంది. హోరు వస్తే మనవాళ్లు కొట్టినట్టు. హోరు రాకుండా ఊరంతా ఒక్కసారి సద్దుమణిగిందంటే మన డిఫెన్స్ పని అయిపోయినట్టు. లక్ష మంది ఒకేసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నాకు ఆ వరండాలోనే తెలిసింది. కుక్క మొరగడం, ఎండుటాకులు దొర్లడం కూడా వినపడేది. పెద్దావిడ ఊలు మీంచి కళ్లు ఎత్తకుండా "ఏడు" అనేది. టచ్‌డౌన్‌కు, అంటే బంతితో గీత దాటితే, ఆరు, పైన తన్నుడుకు ఒకటి. కాసేపటికి రేడియో ఆమె మాటే నిజం చేసేది.

ఆ మూడేళ్లలో ఆమె చాలాసార్లు "ఏడు" అంది.

*

కథ ఏమిటంటే, ఏళ్లపాటు జట్టును నడిపిన లాయిడ్ కార్ 2007 సీజన్‌తో తప్పుకున్నాడు. వెస్ట్ వర్జీనియా నుంచి రిచ్ రోడ్రిగెజ్ అనే కోచ్‌ను తెచ్చారు. ఆయన పేరు దాడి మీద వచ్చింది. పరుగు, వేగం, ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఆడించడం. డిఫెన్స్ చూడటానికి స్కాట్ షేఫర్ అనే మరో కొత్తాయన వచ్చాడు. 2008లో పన్నెండు ఆటల్లో గెలిచింది మూడు. 1967 తర్వాత గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ అదే మొదటిసారి. పక్క ఊరి జట్టు లాంటి టొలీడో చేతిలో 13-10తో ఓడిన రోజు టొలీడో టీచరు కారు దగ్గరికి వచ్చి ఎవరి మొహం చూడకుండా నిలబడ్డాడు. ఆయన చదివింది ఇక్కడ, బతుకు అక్కడ. ఫ్యాక్టరీ ఆయన వెళ్లి ఒక సాసేజ్ చేతిలో పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. పదమూడు పాయింట్లే ఇచ్చారు కాబట్టి ఆ రోజు డిఫెన్స్‌ను తిట్టడానికి కూడా వీల్లేదు.

తిట్టడానికి పర్డ్యూ ఆట దొరికింది. అది బయటి ఊళ్లో. లాన్ ఖాళీ. అయినా నలుగురూ టీవీ కోసం మా ఓనరు ఇంటికి వచ్చారు. ఆ వారమే డిఫెన్స్ పద్ధతి మార్చారు. అప్పటిదాకా నలుగురు లావుపాటి వాళ్లు ముందు వరసలో నిలబడేవాళ్లు. ఇప్పుడు ముగ్గురే. వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు, ఇంకా వెనక ఐదుగురు. దాన్ని త్రీ-త్రీ-ఫైవ్ అంటారు. బరువు తగ్గించి వేగం పెంచడం అన్నమాట. ఓనరు భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, చెంచాలు పేర్చి నాకు వివరిస్తుండగానే అవతలివాళ్లు కొట్టేశారు. మళ్లీ కొట్టారు. మన జట్టు 42 పాయింట్లు చేసి కూడా 48 ఇచ్చింది. చివరి అర నిమిషంలో ఒకడు బంతి అందుకుని పక్కవాడికి విసరడం, వాడు గీత దాటేయడం, మనవాళ్లు మొదటివాడి మీదే పడి ఉండటం. ఫ్యాక్టరీ ఆయన లేచి మిరియాల డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు. "నలుగురు ముందు నిలబడేదాకా ఇది తిరిగి ఇవ్వను" అన్నాడు. నిజంగానే ఇవ్వలేదు. పెద్దావిడ కొత్తది కొనుక్కుంది.

*

ఆ ఏడాది చివర షేఫర్ వెళ్లిపోయాడు. 2009 మొదట్లో గ్రెగ్ రాబిన్సన్ వచ్చాడు. డెన్వర్ బ్రాంకోస్ అనే ప్రొఫెషనల్ జట్టు వరసగా రెండు సూపర్ బౌల్స్, అంటే అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్స్, గెలిచినప్పుడు వాళ్ల డిఫెన్స్ నడిపిన మనిషి. లాన్ మీద మళ్లీ ఆశ పుట్టింది.

కానీ ఆ వేసవి ఆశలకు అనువైన వేసవి కాదు. ఏప్రిల్ చివర క్రైస్లర్, జూన్ మొదట్లో జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకు వెళ్లాయి. మా ఆఫీసులో శుక్రవారం వస్తుందంటే భయం. మధ్యాహ్నం మూడింటికి ఎవరినో ఒకరిని గదిలోకి పిలిచేవాళ్లు, అట్టపెట్టెతో బయటికి వచ్చేవాళ్లు. నాకు పని గంటలు సగానికి కోశారు. మన ఐటీవాళ్ల భాషలో ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉంటే "బెంచ్ మీద ఉన్నాడు" అంటాం కదా. ఫుట్‌బాల్‌లో కూడా అదే మాట ఉందని తెలిసి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. ఆ టెన్షన్‌లో రాత్రుళ్లు నిద్ర లేక కిటికీలోంచి లాన్ చూస్తూ కూర్చునేవాణ్ని.

విచిత్రం ఏమిటంటే లాన్ మీద ఎవరూ ఉద్యోగాల గురించి మాట్లాడలేదు. ఫ్యాక్టరీ ఆయన పెన్షన్ గురించి అడగబోతే మాట మార్చాడు. ఆయన కొడుకును పనిలోంచి తీసేశారని నాకు పోస్టల్ ఆయన చెవిలో చెప్పాడు. కానీ మూడో డౌన్‌లో, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోదాంట్లో, పన్నెండు గజాలు కావాల్సినప్పుడు అవతలివాడికి పదిహేను ఎందుకిచ్చారని అడగండి, గంటన్నర ఆగకుండా చెబుతాడు. చేతులు ఊపేవాడు, గొంతు బొంగురు పోయేది, ఒకసారి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. డిఫెన్స్ కోసం అంత ఏడుపేమిటని నాకప్పుడు అనిపించింది. చిన్నవాణ్ని, తెలియలేదు.

*

ఎవరి వాదన వాళ్లది. ఫ్యాక్టరీ ఆయనకు 1997 ఒక్కటే కొలత. ఆ ఏడాది ఒక్క ఆటా ఓడలేదు. ఆటకు సగటున పది పాయింట్లు కూడా ఇవ్వని డిఫెన్స్. అందులో ఆడిన చార్ల్స్ వుడ్సన్‌కు ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది, ప్రధానంగా డిఫెన్స్ ఆడేవాడికి అది రావడం అదే మొదలు. "ఇది మిడ్‌వెస్ట్. నవంబరులో మంచు పడుతుంది. ఇక్కడ లావుపాటి వాళ్లు కావాలి" అని ఆయన మాట. టీచరు లెక్కలతో వచ్చేవాడు. ఏ ఏడాది ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు, ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో మొదటి ఏడాది పిల్లలు ఎందరు, అన్నీ చిన్న నోటుపుస్తకంలో. పద్ధతి ఏదైనా ఆడే మనుషులే లేరని ఆయన వాదన. నర్సుకు ఇవేవీ పట్టవు. "పట్టుకోవడం రాదు. అంతే" అనేది.

మా ఓనరు చివర్లో మాట్లాడేవాడు. "2007లో చేరిన పిల్లాడిని తీసుకోండి. మూడేళ్లలో మూడో మాస్టారు. ఒకడు అ ఆలు నేర్పుతాడు, రెండోవాడు వచ్చి కాదు ఇలా రాయాలంటాడు, మూడోవాడు పలక మార్చేస్తాడు. పరీక్ష మాత్రం ప్రతి శనివారం." ఆయన అన్నది ఇంగ్లీషు ఏబీసీలే అనుకోండి, నాకు మా బడి పలకే కనిపించేది. మా ఆఫీసులో అప్పటికి మూడో మేనేజరు. ఒక్కొక్కరూ వచ్చి ఫైలు పేర్లు పెట్టే పద్ధతి దగ్గర్నుంచి మార్చారు. అందుకే నా ఓటు ఎప్పుడూ ఓనరుకే.

త్రీ-త్రీ-ఫైవ్‌ను అందరూ తిట్టారు కానీ అందులో సగం అన్యాయం అని ఇప్పటికీ నా నమ్మకం. రోడ్రిగెజ్ పాత జట్టు వెస్ట్ వర్జీనియా అదే పద్ధతితో బాగా ఆడింది. దాన్ని నడిపించిన జెఫ్ కాస్టీల్ మాత్రం అక్కడే ఉండిపోయాడు. వంటవాణ్ని అక్కడ వదిలేసి వంటకం పేరు మాత్రం తెచ్చుకున్నారు. రాబిన్సన్‌కు అలవాటైన వంట వేరు. ఆయన చేత ఇది వండించారు.

*

ఒక సోమవారం సాయంత్రం గ్యారేజీలో ఓనరు, నేను ఎండుటాకులు సంచుల్లో నింపుతున్నాం. మీ దేశంలో ఇలాంటి ఆట లేదా అన్నాడు. కబడ్డీ గురించి చెప్పాను. ఏడుగురు ఒక్కణ్ని పట్టుకోవాలి, వాడు ఊపిరి బిగబట్టి కూత పెడుతూ వస్తాడు అనగానే సంచి పక్కన పెట్టేశాడు. మా హైస్కూల్లో పీఈటీ సారు ఒకే మాట చెప్పేవారు. "కళ్లు చూడకు, మోసం చేస్తాయి. చేతులు చూడకు, అవీ మోసం చేస్తాయి. నడుము చూడు. నడుము ఎటు పోతే మనిషి అటే పోతాడు." అది చెప్పగానే ఓనరు చీపురు కింద పడేసి, "మా హైస్కూల్ కోచ్ కూడా అచ్చంగా ఇదే!" అని అరిచాడు. యాభై ఏళ్ల కిందటి మాట. వరంగల్‌లో ఒకాయన, మిచిగన్‌లో ఒకాయన, ఇద్దరూ పిల్లలకు నడుమే చూడమన్నారు.

ఇక ఆగలేదు. లాన్ మీద చీపురుతో గీత గీశాడు. నేను కూతకు రావాలి, తను పట్టుకుంటాడు. వద్దంటే వినడు. నేను "కబడ్డీ కబడ్డీ" అంటూ మెల్లగా వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి మోకాళ్లు వంచి, రెండు చేతులు చాచి, నా నడుము మీదే చూపు పెట్టాడు. నేను ఎడమకు ఊగి కుడికి తిరిగాను. ఆయన ఎడమకు దూకి ఆకుల కుప్పలో పడ్డాడు. నా గుండె ఆగినంత పనైంది. ఆయన వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాడు, నోట్లో ఆకు.

వరండాలోంచి "ఏడు" అని వినపడింది.

కబడ్డీలో ఒక్కడు చీలమండ పట్టినంత మాత్రాన చాలదు. పక్కవాడు, వాడి పక్కవాడు గొలుసులా వచ్చి పడాలి. లేకపోతే వచ్చినవాడు పట్టినవాణ్ని కూడా ఈడ్చుకుంటూ గీత దాటేస్తాడు. ఆ ఏడాది నేను స్టేడియంలో చూసింది అదే. ఒకడు దూకేవాడు, జారిపోయేవాడు. మిగతావాళ్లు తాము ఎక్కడ నిలబడాలో గుర్తు చేసుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగేవాళ్లు. ఆ ఒక్క క్షణం చాలు. మొదటి నాలుగు ఆటలు గెలిచి, నోటర్ డేమ్‌ను చివరి సెకన్లలో 38-34తో ఓడించి ఊరంతా ఊగిపోయాక, సీజన్ ఐదు గెలుపులు, ఏడు ఓటముల దగ్గర ఆగింది.

*

2010కి మా ఆవిడ వచ్చేసింది. సెప్టెంబరులో అక్కడ కుప్పలుగా మక్క కంకులు. చూసి ఊరుకోలేక మక్క గారెలు చేస్తానంది. వాళ్ల కంకి తీపి, లేత, నీళ్లెక్కువ. పిండి రుబ్బితే పాయసంలా వచ్చింది. నూనెలో వేసిన మొదటి వాయి విడిపోయింది. బియ్యప్పిండి, ఇంకొంచెం శనగపిండి, పచ్చిమిర్చి, అల్లం కలిపితే రెండో వాయి నిలబడింది. పళ్లెం పట్టుకుని కిందికి వచ్చింది. ఫ్యాక్టరీ ఆయన విరిగిన ముక్క ఒకటి తీసి చూసి, "ఇది మన ముందు వరస" అన్నాడు. గట్టిది తీసి, "దీన్ని వెంటనే జట్టులో చేర్చాలి" అన్నాడు. మా ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు, గారెలు బాగా లేవేమోనని మొహం చిన్నబుచ్చుకుంది. నర్సు మూడు తిని కళ్లు తుడుచుకుంటూ నాలుగోది అడిగేదాకా నమ్మలేదు. మేజ్ రంగు తిండి కాబట్టి అచ్చొస్తుందని తేల్చి, ఆ సీజనంతా చేయించారు.

అచ్చొచ్చింది కూడా, మొదటి ఐదు ఆటలకు. బూట్ల లేసులు కట్టుకోకుండా పరిగెత్తే డెనార్డ్ రాబిన్సన్ అనే కుర్రాడు దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. నోటర్ డేమ్ మీద ఒక్కడే పరుగు, పాస్ కలిపి 500 గజాలు దాటించాడు. కానీ ఆగస్టులోనే ప్రాక్టీసులో ట్రాయ్ వుల్ఫోక్ చీలమండ దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. వెనక అంచున కాపు కాసే కార్నర్లలో అనుభవమున్నది అతనొక్కడికే. వెనక మిగిలింది ఎక్కువగా నిన్నగాక మొన్న హైస్కూల్ దాటిన పిల్లలు. ఫ్యాక్టరీ ఆయన మాట ఒకటి ఆ రోజుల్లో లాన్ అంతా తిరిగింది. "మనకు ఇద్దరు రాబిన్సన్లు. ఒకడు సంపాదిస్తాడు, ఇంకొకడు ఖర్చు పెడతాడు."

నవంబరులో ఇల్లినాయ్ ఆటకు పెద్దావిడ టికెట్టు నాకొచ్చింది. అంత పొడుగు ఆట నేను మళ్లీ చూడలేదు. మొదటి బంతికే మనవాళ్లు 75 గజాలు కొట్టారు. అంతే, ఇద్దరూ ఆగలేదు. నాలుగు క్వార్టర్లు అయ్యేసరికి 45-45. అదనపు ఆట ఒకటి, రెండు, మూడు. బెంచీ మీద నాకు కేటాయించిన చోటు జానెడు. అటు ఓనరు, ఇటు ఎవరో భారీకాయుడు. చలికి కాళ్లు మొద్దుబారాయి. స్కోరు 67-65. ఇల్లినాయ్‌వాళ్లకు సమం చేయడానికి రెండు పాయింట్లు కావాలి, ఒకే అవకాశం. రోజంతా ఎవరినీ ఆపని డిఫెన్స్ ఇప్పుడు ఆపాలి. లక్షా పది వేల మంది లేచి నిలబడ్డారు. మనవాళ్లు అందరూ ఒక్కసారిగా బంతి ఉన్నవాడి మీదికి దూకారు. గొలుసులా. వాడు తొందరలో విసిరాడు, బంతి నేల మీద పడింది.

ఆ హోరు నాకు చెవులతో విన్నట్టు గుర్తు లేదు, కాళ్ల కింద బెంచీ అదిరినట్టు గుర్తు. ఓనరు నా భుజం పట్టుకుని కిందికీ మీదికీ ఊపేస్తున్నాడు. "నడుము చూశారు! నడుము చూశారు!" అంటున్నాడు.

ఇంటికి వస్తే పెద్దావిడ ఊలు పక్కన పెట్టి కూర్చుని ఉంది. లెక్క తప్పిపోయిందట.

*

రెండు వారాలకు విస్కాన్సిన్ వచ్చింది. వాళ్లు రెండో సగంలో దాదాపు పాస్ వేయనే లేదు. ఎదురుగా వచ్చి తోసుకుంటూ పోయారు, మొత్తం 350 గజాలకు పైగా పరుగుతోనే. 48-28. ఆ రోజు ఆట అయ్యాక లాన్ మీద ఎవరూ గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది. టీచరు నోటుపుస్తకం తీయలేదు. ఫ్యాక్టరీ ఆయన బొగ్గులు ఆర్పి నీళ్లు పోశాడు, తెల్లటి ఆవిరి లేచింది. అది తప్ప ఏమీ గుర్తు లేదు.

కొత్త సంవత్సరం రోజు, సీజన్ చివరి ఆట గేటర్ బౌల్‌లో, మిసిసిపీ స్టేట్ చేతిలో 52-14. నాలుగు రోజులకు రోడ్రిగెజ్‌ను తీసేశారు. రాబిన్సనూ పోయాడు. ఆ సీజన్‌లో డిఫెన్స్ ఆటకు సగటున 35 పాయింట్లు ఇచ్చింది.

అదే వారం ఇంటి నుంచి ఫోను. నాన్నకు పక్షవాతం. మా ఆవిడ, నేను పది రోజుల్లో సర్దుకున్నాం. పాత సోఫా, కుక్కర్, మంచు పార పోస్టల్ ఆయనకు ఇచ్చేశాం. వెళ్లే రోజు మంచు మోకాలి లోతు. పెద్దావిడ ఒక ఊలు టోపీ చేతిలో పెట్టింది, మేజ్ రంగుది. మూడేళ్లుగా అల్లుతున్నది ఇదేనా అని అడిగితే, తప్పుగా అల్లిన ప్రతిసారీ విప్పేశానంది. హనుమకొండలో ఊలు టోపీ ఎప్పుడు పెట్టుకుంటాం? బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది.

*

తర్వాతి కోచ్ బ్రేడీ హోక్. డిఫెన్స్‌కు గ్రెగ్ మాటిసన్, తొంభైల్లో ఇక్కడే అదే పని చేసిన మనిషి. ఈసారి బాల్టిమోర్ రేవెన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు నుంచి తిరిగొచ్చాడు. నలుగురు మళ్లీ ముందు వరసలోకి వచ్చారు. మిరియాల డబ్బా తిరిగొచ్చిందా అని ఫోనులో అడిగితే ఓనరు పగలబడి నవ్వాడు. పిల్లలు చాలామంది పాతవాళ్లే. వుల్ఫోక్ కాలు బాగై తిరిగొచ్చాడు. ఆ 2011లో ఆటకు ఇచ్చింది 17 పాయింట్లు. ముందు ఏడాదికి సగం. త్రీ-త్రీ-ఫైవ్ పోయినందుకే అని ఫ్యాక్టరీ ఆయన, పిల్లలు ఒక ఏడాది పెద్దవాళ్లయినందుకని టీచరు, మొత్తానికి పట్టుకోవడం నేర్పారని నర్సు. పంచాయితీ మాత్రం తెగలేదట.

నేను బాగున్న డిఫెన్స్‌ను ఒక్కరోజు కూడా కళ్లారా చూడలేదు. నా వాటాకు వచ్చింది ఆ మూడేళ్లే.

నవంబరు చివర ఒహాయో స్టేట్‌తో ఆట. వాళ్ల మీద గెలిచి ఎనిమిదేళ్లయింది. మాకు శనివారం రాత్రి పదిన్నరకు మొదలు. నాన్న మంచం పక్కన, దీపం తీసేసి, ల్యాప్‌టాప్‌లో స్కోరు పేజీ మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చున్నాను. హోరూ లేదు, సద్దుమణగడమూ లేదు, అంకెలు మారడం తప్ప. రెండు దాటాక 40-34 దగ్గర ఆగింది. ఎవరిని లేపి చెప్పను? మా ఆవిడను లేపాను. "గారెలు చెయ్యాలా?" అని అటు తిరిగి పడుకుంది.

రెండున్నరకు ఫోను మోగింది. అవతల వరండా, రేడియో, రోడ్డు మీద కార్ల హారన్లు, దూరంగా డ్రమ్ములు. ఓనరు కాసేపు ఏం మాట్లాడలేదు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

"యంగ్‌మ్యాన్," అన్నాడు చివరికి. "గెలిచాం, సరే. కానీ ముప్ఫై నాలుగు ఇచ్చారు, చూశావా?"